దమ్ము వేరు, పట్టు వేరు

మీరు ఫోన్ గోడకు ఆనించి పెట్టుకుని, అందులో ఎవరో గంతులేస్తుంటే చూసి గంతులేసే పిల్లలు. మా ఇంట్లోనూ ఇద్దరున్నారు. మనవరాలు తాడాట మొదలుపెడితే ఆపదు. మనవడు సీసాల్లో ఇసుక నింపుకుని ఎత్తిందే ఎత్తుతుంటాడు. ఆ పిల్లకు ఎన్ని మెట్లెక్కినా ఆయాసం రాదు గానీ, గ్యాస్ బండ జరపమంటే నన్ను పిలుస్తుంది. వాడు గ్యాస్ బండను భుజాన పెట్టుకుంటాడు గానీ, బస్సు వెనక కాస్త ఉరికితే నాలుక బయట పెడతాడు. ఇద్దర్నీ కలిపి ఒక మనిషిని చేస్తే బాగుండేదని నేనంటాను. నేను చెబుతుంటే రాస్తున్నది ఆ పిల్లే. ఈ మాట దగ్గర కలం ఆపింది. రాయవే అన్నాను, రాసింది. నాకు బస్సు బోర్డు చదివేంత చదువే వచ్చు మరి.

మా ఆయన నంద్యాలలో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆయన పోయాక నేను ఒక ఫిజియో డాక్టరమ్మ దగ్గర పనికి కుదిరాను. కాలూ చెయ్యీ పడిపోయిన వాళ్లకు, ఎముక విరిగి అతికిన వాళ్లకు, గుండె జబ్బు చేసి లేచిన వాళ్లకు ఆమె వ్యాయామం నేర్పేది. వాళ్లను లేపి కూర్చోబెట్టడం, పక్కన నడవడం, పడకుండా కాచుకోవడం నా పని. అట్లా మనుషుల బరువు నా చేతులకు తెలిసింది. ఒక్కోసారి లావు మనిషి దూదిలా లేస్తాడు. బక్క మనిషి బండరాయిలా ఉంటాడు. లేవాలన్న మనసు ఎంతుందో, బరువు అంత తగ్గుతుంది.

మేడమ్ నాకంటే చాలా చిన్నది. నన్ను పిన్నమ్మా అని పిలిచేది. కోపం తెలియదు. ఒకటే జబ్బు, చెప్పిందే చెబుతుంది. "పిన్నమ్మా, చెయ్యి అడ్డం పెట్టు. పట్టుకోవద్దు." పట్టుకుంటే రోగి మన మీదనే వాలిపోతాడని ఆమె భయం. నేను పట్టుకునేదాన్ని. ఆమె మళ్లీ చెప్పేది.

అట్లా ఉండగా ఆళ్లగడ్డలో ఒక ఇంట్లో కొన్నాళ్లు ఉండి చూసుకోమని నన్ను పంపింది. వారానికోసారి తాను నంద్యాల నుంచి వచ్చి చూసి పోయేది. శిల్పులు రాయి చెక్కే చప్పుడు దాటుకుని లోపలి వీధిలోకి పోతే ఆ ఇల్లు. ముందు గదిలో గోడ మీద బైబిలు వాక్యం పటం ఒకటి, దాని పక్కన, దానికంటే కాస్త పెద్దదిగా, రెండు తెల్లెద్దుల ఫోటో.

ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే. పిల్లలు లేరు. ఆయన్ను అన్నా అనేదాన్ని, ఆమెను అక్కా అనేదాన్ని. అన్న బండలాగుడు పోటీలకు ఎద్దులను తయారు చేసిన మనిషి. బయటి ఊళ్ల పిల్లల కోసం చెబుతాను. పెద్ద బండరాయికి ఎద్దుల జతను కడతారు. ఇచ్చిన గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. అన్న తయారు చేసిన జత వస్తుందంటే జనం చెట్లెక్కి చూసేవాళ్లట. అట్లాంటి మనిషికి పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. అక్క ఒక్కతే ఆయన్ను లేపింది, కడిగింది, తినిపించింది. చివరికి ఆమెకే గుండెపోటు వచ్చింది. స్టెంటు వేసి ఇంటికి పంపారు. కొన్నాళ్లు బరువెత్తొద్దు, మెల్లగా నడువు, తర్వాత చూద్దాం అన్నాడు గుండె డాక్టరు.

నన్ను పెట్టించింది అన్న తమ్ముడు. కర్నూలులో ఉద్యోగం. చెడ్డవాడేం కాదు, భయస్థుడు. వదిన కూడా పోతుందేమోనని భయం. నేను ఎల్లకాలం ఉండే మనిషిని కాను కదా. నేను వెళ్లేలోపల వదిన ఆయన్ను లేపి కూర్చోబెట్టుకోగలిగితే సరి, లేకుంటే అన్నను కర్నూలు దగ్గర ఒక ఆశ్రమంలో చేరుస్తానన్నాడు. ఆ మాట మంచం పక్కనే నిలబడి అన్నాడు, పడిపోయిన మనిషికి చెవులు కూడా పడిపోతాయన్నట్టు.

అక్క గొంతు ఎప్పుడూ పక్కింటికి వినబడేది. "ఇన్నేండ్లూ కొట్టంలో ఎద్దుల కాడనే పండుకున్న్యాడు. ఇప్పుడే కదప్పా నా దగ్గరికొచ్చినాడు. తీస్కపోతానంటావేందీ?"

మేడమ్ మొదటిరోజే ఆమెకు రెండూ చెప్పింది. ఒకటి నడక. ఇంకోటి కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, గోడను తోయడం, చిన్న నీళ్ల సీసాలు ఎత్తడం. అక్క చెవికి గుండె అన్న మాట ఒక్కటే చేరింది. గుండెకు నడక మంచిది, సీసాలు పిల్లలాట. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట రాకపోతే ఎక్కువైనట్టు, తగ్గించుకోవాలి అని మేడమ్ గుర్తు చెప్పింది. అక్క మాట్లాడటం కాదు, ప్రార్థన పాటలు అందుకునేది. పాట తెగితే మెల్లగా నడిచేది. పాట కుదిరితే వేగం పెంచేది.

వీధిలో ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏమక్కా, పరుగు పందేనికి పోతాండావా?"

"పోతాండా. నువ్వు గూడా రామ్మే, నీ పిర్రలన్నా కరుగుతాయి."

నిజంగానే దమ్ము వచ్చింది ఆమెకు. మిద్దె మెట్లు పాడుకుంటూ ఎక్కేది. మొహంలో కళ వచ్చింది. కానీ జాకెట్టు చేతులు వదులైపోయాయి. వద్దన్నా వినక నీళ్ల బిందె ఎత్తి, మధ్యలో దించి చేతులు మార్చుకునేది. నేను చూశాను గానీ, నాకూ దాని అర్థం తెలియలేదు.

ఒకరోజు నేను మిద్దె మీద బట్టలారేస్తున్నాను. కింద దబ్బుమని చప్పుడైంది. దిగి చూస్తే ఇద్దరూ నేల మీద ఉన్నారు. ఆమె గోడకు జారగిలబడింది, ఆయన తల ఆమె ఒడిలో ఉంది. ఆమె పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. దమ్ము వచ్చింది కదా, ఇంక సత్తువా వచ్చేసుంటుందని తానే లేపబోయింది. వడ్ల మూట ఎత్తేటప్పుడు చేసినట్టు ఊపిరి బిగబట్టి లాగింది. కళ్లు చీకట్లు కమ్మాయి. ఆయన గొంతులోంచి గురగురమని ఏదో శబ్దం. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"ఏమంటాడక్కా?"

ఆమె ఆయాసంలోనే చెప్పింది. "ఏమంటాడు, బండ కాడ పండుకున్న్యావా అంటాడు."

బండ లాగలేని ఎద్దు మధ్యలో పడుకుంటుందట. అట్లా పడుకుంది తన పెళ్లాం అని ఆ మనిషికి నవ్వు.

నంద్యాలకు తీసుకుపోయాం. గుండెకు ఏమీ కాలేదని పరీక్ష చేసి చెప్పారు, బాగా తిట్టారు. ఇంటికొచ్చేసరికి మరిది కర్నూలు నుంచి దిగాడు. క్రిస్మస్ ఇక్కడే చేసుకోండి, అది దాటగానే బండి తెస్తానన్నాడు. కొంతకాలానికి గుండె డాక్టరు మళ్లీ చూసి, బరువు పనులు కొంచెం కొంచెంగా మొదలుపెట్టొచ్చు, ఫిజియో చెప్పినట్టే చెయ్యి అని ఒప్పుకున్నాడు.

ఆ వారం మేడమ్ వచ్చినప్పుడు అక్క మంచం అంచున మూతి ముడుచుకుని కూర్చుంది. "ఇంత నడిచినా గదా పాపా. దమ్ము వచ్చినాది. సత్తువ యాడికి పాయ?"

మేడమ్ మొదటినుంచీ చెప్పిందే మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు మంచం మీదినుంచి టొక్కుమని చప్పుడు. అన్న నాలుకతో కొట్టాడు. ఎద్దులను కదిలించే చప్పుడు అది. మాట పోయింది గానీ అది పోలేదు. అందరం అటు తిరిగాం. ఆయన ముద్ద ముద్దగా ఏదో చెప్పాడు. ఆ మాటలు అక్కకు తప్ప ఎవరికీ అందవు.

"ఏమంటున్నారు?" అంది మేడమ్.

"ఏముంది పాపా. ఎద్దుల మాటే." విసుక్కుంటూనే మాకు విప్పి చెప్పడం మొదలుపెట్టింది. "దమ్ము ఏరు, పట్టు ఏరు అంటాండాడు. ఎద్దును నడిపిస్తే దమ్ము వచ్చాది, పట్టు రాదంట. పట్టు బండ కడితేనే వచ్చాదంట."

ఆయన ఆగి, మళ్లీ చెప్పాడు. ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"ఒట్టి నడకే నడిపిస్తే బండ కదలదంట. ఒట్టి బండే కడితే సగం దూరంలో నాలిక ఏలేచ్చాదంట. ఈ పొద్దు బండ కడితే రేపు కట్టగూడదంట. నడిపియ్యల్ల. ఉలవలు పెట్టల్ల. కండ పెరిగేది బండ కాడ కాదు, కొట్టంలో పండుకున్న్యప్పుడంట."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆయన మాట మాకు చెబుతున్నాననుకుంది గానీ, అది తనకే చెబుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆయన వైపు చూసి, "ఏమప్పా, నేనేమన్నా ఎద్దునా?" అంది.

ఆయన ఒక్క మాట అన్నాడు. ఆమె మొహం ఎర్రబడింది.

"ఏమన్నాడక్కా?"

"నీకెందుకు మ్మే. పోయి పాలు చూడు, పొంగుతాయి."

మేడమ్ పగలబడి నవ్వింది. "పెదనాన్నా, నేను మొదటిరోజు చెప్పింది కూడా ఇదే. ఎద్దులు లేకుండా చెప్పాను, అందుకే ఎక్కలేదు." ఆ పూటే మేడమూ అన్నా కలిసి రోజుల వరస వేశారు. ఒకరోజు పట్టు, ఒకరోజు దమ్ము. ఆదివారం చర్చి, విశ్రాంతి.

పిల్లలూ, నేను చాలామంది వ్యాయామం చూశాను. మంచం మీద పడుకున్న మనిషి నిలబడిన మనిషికి నేర్పడం అక్కడే చూశాను. పట్టు రోజున అక్క మంచం పక్కన కుర్చీ వేసుకునేది. ఆయన నాలుకతో టొక్కుమనేవాడు, ఆమె లేచేది. ఉలవల సంచి గుండెకు హత్తుకుని లేచేది. కిటికీ ఊచకు కట్టిన రబ్బరు పట్టీ లాగేది. ఊపిరి బిగబట్టడం ఆమెకు చిన్ననాటినుంచీ ఉన్న అలవాటు. లేచేటప్పుడు ఊపిరి వదలమని మేడమ్ ఎంత చెప్పినా పోలేదు. అన్న ఆమెతో పాటు "హా" అని అరవడం మొదలుపెట్టాడు. బండ కదిలేటప్పుడు మనుషులు అరిచే అరుపు. ఆమె కూడా అరిచేది. అరిస్తే ఊపిరి బయటికి పోవాల్సిందే కదా! ఇంట్లో ఆ హాహాకారాలు విని పక్కింటామె గోడ మీదినుంచి తొంగి చూసి, "మొగుడూ పెండ్లాలు కొట్లాడుకుంటాండారా?" అని అడిగింది.

"లేదులే, కాపురం చేస్తాండాం," అంది అక్క.

క్రిస్మస్ దగ్గరపడే కొద్దీ ఆమెకు ఆత్రం. దమ్ము రోజున కూడా దొంగగా ఉలవల సంచి ఎత్తింది ఒకసారి. ఆయన చూశాడు. ఆ పూట గంజి తాగలేదు. చెంచా దగ్గరికి తెస్తే నోరు బిగించాడు. ఆమె తిట్టింది, బతిమాలింది. చివరికి సంచి తీసుకుపోయి వంటింట్లో పెట్టి వచ్చాక నోరు తెరిచాడు. పట్టు రోజుల్లో ఆయన మీది దుప్పటి ఒక పక్క ఊరికే కదులుతూ ఉండేది. దోమలేమోనని ఫ్యాను పెంచేదాన్ని.

పండుగ దాటింది. మరిది బండి తెచ్చాడు. చెప్పిన రోజుకంటే ఒకరోజు ముందే వచ్చాడు. వెనక సీట్లు మడిచి, కొత్త పరుపు పరిచి తెచ్చాడు. అన్నకు కుదుపులు తగలకూడదని. చూశారా, ప్రేమ లేని మనిషి కాదు. ఫోన్ చేస్తే మేడమ్ కూడా నంద్యాల నుంచి పరుగున వచ్చింది.

"చూపిచ్చు వదినా. లేపగలిగితే నేను నోరు మూసుకుని పోతా."

అక్క కొంగు బిగించింది. మంచం దగ్గరికి పోయింది. అన్న "హో..." అన్నాడు. ఎద్దును ఆపే మాట. ముందురోజు ఆమెకు పట్టు రోజు. ఆ రోజు దమ్ము.

"ఈ పొద్దు కాదంట," అంది ఆమె.

"ఏందీ ఈ ఆటలు? ఈ పొద్దు కాంది రేపు ఎట్లయితాది?"

"నిన్న బండ కట్టిన ఎద్దుకు ఈ పొద్దు కట్టడు ఈయన. నా మాటే ఇంటాడా?"

"చేతకాకనే సాకులు చెప్తాండావు వదినా!"

ఆ మాటకు ఆమె మళ్లీ మంచం మీదికి వంగింది. నాకు తెలుసు, రోషంతో అప్పటికప్పుడు లేపేసేది. నేనైతే లేపేసేదాన్ని. భర్తను ఎక్కించుకుపోవడానికి బండి గుమ్మం ముందు ఉంది కదా! ఆమె ఆయన కళ్లలోకి చూసింది. ఆయన కళ్లు కదల్లేదు. ఆమె కొంగు వదులు చేసుకుంది. "రాత్రికి ఈడనే ఉండప్పా. రేపు చూస్తువు," అంది.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలా వీధిలోకి నడకకు దిగింది. మరిది కోపంగా అరుగు మీద కూర్చున్నవాడు కాసేపటికి లేచి వెంట నడిచాడు, ఏదో నచ్చజెబుదామని. వీధి మలుపు దాకా మాట్లాడాడు. ఆ తర్వాత నోరు తెరుచుకునే ఉంది గానీ మాట రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. ఆమె పాట ఆపకుండా ముందుకు పోయింది. నేనే పక్కన నడిచాను. అప్పుడు అడిగాను, ఆ రోజు అన్న ఏమన్నాడక్కా అని.

కొంచెం దూరం నడిచాక చెప్పింది. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపు కట్టేది వలపటెద్దు. "నా వలపటి పక్క పడిపోయినాది. నువ్వే నా వలపటెద్దువి అన్న్యాడు మ్మే," అంది. "ఇన్నేండ్లలో నా గురించి ఇంత మంచి మాట అనలేదు ఆ మనిషి."

మేడమ్ కూడా రాత్రికి అక్కడే ఉండిపోయింది. మర్నాడు తెల్లవారాక అక్క నాడి చూసింది, బీపీ చూసింది. సరే అంది. అన్నను మంచం అంచుకు జరిపి కాళ్లు నేలకు ఆనించాం. ఆయన నడుముకు వెడల్పు పట్టీ కట్టాం. పక్కనే కుర్చీ. అక్క ఆయన పడిపోయిన మోకాలికి తన మోకాలు అడ్డం పెట్టింది, పట్టీని రెండు చేతులా పట్టుకుంది. మేడమ్ ఒక పక్క, నేను ఒక పక్క. "పిన్నమ్మా, చెయ్యి అడ్డం పెట్టు. పట్టుకోవద్దు." గుమ్మంలో మరిది.

టొక్కుమంది.

"హా!"

ఇద్దరి నోట ఒకేసారి వచ్చింది. అన్న లేచాడు. లాగితే వచ్చిన లేవడం కాదది. నాకు తెలుసు, ఎన్ని బరువులు చూశాను! కిందికి చూశాను. ఆయన ఎడమ కాలు పిక్క మోకులా బిగుసుకుంది, మడమ నేలలోకి దిగుతోంది. మేడమ్ ఆయనకు కూడా వ్యాయామం చెప్పినప్పుడల్లా బొమ్మలాటలని ముక్కు తిప్పిన మనిషి, పెళ్లాం కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ దుప్పటి కింద ఆ కాలితో మంచాన్ని తోస్తూనే ఉన్నాడు. దోమలనుకున్నాను నేను.

ఆయన నిలబడ్డాడు. ఇన్నాళ్లూ నేను పడుకున్న మనిషినే చూశాను. పక్కకు తిప్పాను, తుడిచాను, తినిపించాను. ఆయన అంత పొడుగని నాకు తెలియదు. తల ఎత్తి చూడాల్సి వచ్చింది. అక్క నుదురు ఆయన ఛాతీకి తగులుతోంది. ఆమె పాదాలు నేలలో పాతినట్టున్నాయి. ఆయన ఊగితే ఆమె కాసింది, ఆమె అలిస్తే ఆయన కాలు బిగిసింది. వాళ్లిద్దరి మధ్య బరువు అటూ ఇటూ మారడం కళ్లకు కనబడింది. చర్చిలో పాస్టరు అద్భుతాల గురించి చెబుతాడు, వింటాను. అది చూశాను. నా రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. ఎవర్నీ పట్టుకోలేదు. పట్టుకోవాలన్న ధ్యాసే రాలేదు.

మెల్లగా తిరిగారు. మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది. మేడమ్ అక్క చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టబోయి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. బాగానే ఉందమ్మా అంది.

మరిది వచ్చి అన్న ముందు గొంతుక్కూర్చుని, ఆయన ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఎప్పుడు చేస్తివి అన్నా ఇదంతా?" అన్నాడు. అన్న నోరు వంకరగా తెరిచి గురగురమని నవ్వాడు.

మీరు అడుగుతారు, ఫోన్లో చూసి చేసేదానికీ దీనికీ ఏం సంబంధమని. నాకు తెలియదు. ఒకటి తెలుసు. గుండె పరుగెత్తే పనికి సంతోషపడుతుంది, కండ బరువుకు సంతోషపడుతుంది, రెండూ కలిస్తేనే ఒక మనిషి ఇంకో మనిషికి పనికొస్తాడు. అంతకు మించి చెప్పేంత చదువు లేదు.

మరిది వెళ్లడానికి లేచాడు. గుమ్మం దాటి బండి తలుపు తీశాడు. అక్క వెనకే పోయి లోపలికి తొంగి చూసింది. పరుపు మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఏమప్పా, ఇది కొత్తదేనా?"

"కొత్తదే వదినా. అన్న కోసమని..."

"మెత్తగుంది. మళ్లా ఎందుకు మోస్కపోతావు? దించిపో."

మరిది ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. ఆ రోజు ఆ ఇంట్లో నేను మోసిన బరువు అదొక్కటే.